చక్రానికి రాణీరంగు నీళ్ళు

దొడ్డబళ్ళాపురం,
9 ఫిబ్రవరి 2003.

అవ్వకు హర్షిత నమస్కారాలు.

ఫోనులో నీకు సగమే వినబడుతుందనీ, ఆ సగమూ నచ్చదనీ తెలుసు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. మామగారి రంగుల బట్టీకి పట్టునూలు వస్తూనే ఉంది. మా ఆయన మంజునాథ్ కరెంటు ఉన్నప్పుడు మగ్గాల దగ్గర, లేనప్పుడు కరెంటు ఆఫీసు దగ్గర ఉంటున్నాడు. అత్తయ్య బాలమ్మ నిన్ను అడిగినట్టు రాయమన్నారు. వానలు లేక ఇది రెండో ఏడు.

నువ్వు ఇన్నేళ్ళు ఆడపిల్లలకు సైన్సు చెప్పినదానివి కదా, ఒక చిన్న ప్రశ్న. నీళ్ళంత బరువైనా ఉండి, ఇనుమును తినకుండా, పశువు నాకితే చావకుండా ఉండే ద్రవం ఏదైనా ఉందా? మంచినీళ్ళు కాకూడదు. చౌకగా దొరకాలి. ఓ నాలుగు డ్రమ్ములు.

ఊరికే అడుగుతున్నాను. మోకాళ్ళు జాగ్రత్త.

నీ హర్షిత


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు,
15 ఫిబ్రవరి 2003.

చిరంజీవి హర్షితకు అవ్వ ఆశీస్సులు.

నాలుగు డ్రమ్ములు ‘ఊరికే’ అడిగే మనిషిని నేనింతవరకు చూడలేదు. ఊరికే అడిగేవాళ్ళు ఒక గ్లాసుతో ఆగుతారు.

పాదరసం ఉంది. నీళ్ళకు పదమూడున్నర రెట్లు బరువు. నాలుగు డ్రమ్ములు కొనాలంటే మీ మామ బట్టీని, మగ్గాలను, ఆ పైన నిన్నూ అమ్మాలి. అదీకాక పశువు నాకితే పశువు పోతుంది, పీలిస్తే నువ్వు పోతావు. అది వద్దంటే ప్రశ్న సగం కాకుండా మొత్తం రాయి. దేంట్లో పోస్తావు? ఎందుకు పోస్తావు? మంచినీళ్ళు ఎందుకు కాకూడదు? నా క్లాసులో సగం ప్రశ్న అడిగిన పిల్లను బెంచీ మీద నిలబెట్టేదాన్ని. నువ్వు మనవరాలివి, పైగా పెళ్ళయింది. కూర్చునే రాయి.

ఇక్కడ మా అపార్టుమెంటుకు రోజూ తెల్లారేసరికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. అయిదో అంతస్తులో కూర్చుని ట్యాంకరు కోసం తొంగిచూడటమే నగర జీవితమని మీ నాన్న అంటాడు. నా రుబ్బురోలును మీ అమ్మ బాల్కనీలో తులసి కుండీకి పీట చేసింది. మిక్సీ వచ్చాక రోలుకూ నాకూ ఒకే ఉద్యోగం, మూల కూర్చోవడం.

అవ్వ


దొడ్డబళ్ళాపురం,
24 ఫిబ్రవరి.

అవ్వకు నమస్కారం.

సరే, మొత్తం రాస్తాను. నవ్వకు.

పాత ట్రాక్టరు ఒకటి కొన్నాం. ఊరి చెరువు ఎండిపోయింది. వానలు వచ్చేలోగా అందులో పూడిక మట్టి తీసి మా పొలానికీ, అడిగినవాళ్ళ పొలాలకూ తోలాలని నా ఆలోచన. చెరువు లోతవుతుంది, పొలం బలపడుతుంది. ఈసారి తప్పితే, మళ్ళీ నీళ్ళు నిండాక ఎవరు తీస్తారు?

చెరువు అడుగు పైకి బిస్కెట్టులా పగిలి ఉంటుంది, లోపల ఇంకా పచ్చి. ట్రైలరు నిండా మట్టి వేసి లాగబోతే వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిర తిరుగుతాయి. బండి తేలిక, చక్రాలకు పట్టు లేదు. వెనక టైర్ల ట్యూబుల్లో ముప్పాతిక వంతు నీళ్ళు నింపుకుంటే బరువొచ్చి కరుచుకుంటాయని మెకానిక్కు చెప్పాడు. అందరూ చేసేదేనట.

నేను బోరు దగ్గర డ్రమ్ము పెట్టానో లేదో అత్తయ్య వచ్చి ఎదురుగా నిలబడింది. “ఏమ్మా, ఊర్లో జనానికి తాగను నీళ్ళు లేవు, బిందె పట్టుకొని క్యూలో నిలబడుండారు. నువ్వు బండి చక్రానికి తాపిస్తావా? చక్రానికి దప్పికైతుందా?” క్యూలో ఉన్న ఆడవాళ్ళందరూ నా వైపే చూశారు. డ్రమ్ము దొర్లించుకుని ఇంటికి వచ్చేశాను. ఆవిడ మాట తప్పని నేను అనలేను.

డ్రైవరు ఆవులప్ప అని ఒకాయన. నెమ్మదస్తుడు.

చెరువు నడుమ ఆరడుగులు తవ్వితే గోడలో మట్టి చారలు చారలుగా కనిపిస్తుంది అవ్వా. నల్లటి చార, పైన ఎర్రటి చార, మళ్ళీ నలుపు. ఒక్కొక్కటి ఒక్కో వరద అంటాడు మామ. ఎన్ని వానలు పడుకుని ఉన్నాయో అక్కడ! చెయ్యి పెట్టాలన్నా భయమేసింది. ఈ క్లచ్చు తొక్కి తొక్కి ఎడమ మోకాలు పట్టేసింది, ఇక ఆపుతాను.

హర్షిత


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్,
2 మార్చి.

హర్షితకు,

ఆవులప్ప తొక్కే క్లచ్చుకు నీ మోకాలు ఎప్పటి నుంచి పట్టేస్తోంది?

దీనికి జవాబు తరువాతి ఉత్తరంలో ఇయ్యి. అంతలో నీ ప్రశ్నకు నా జవాబు.

ఉప్పునీళ్ళు మంచినీళ్ళకంటే బరువే. కానీ వాల్వు దగ్గర చుక్క కారినా చక్రం రిమ్ము తుప్పుపట్టి అప్పడంలా రాలుతుంది. ముల్లు గుచ్చుకుంటే ఆ ఉప్పంతా పొలంలోకే పోతుంది. పొలం బాగుపడాలని బయలుదేరి పొలంలో ఉప్పు చల్లినట్టు.

కాల్షియం క్లోరైడు అని ఒక లవణం ఉంది. మంచు దేశాల్లో టైర్లలో గడ్డకట్టకుండా అదే కలుపుతారట. ఉప్పుకంటే బరువు, ఇనుము మీద ఉప్పుకంటే కసి. దొడ్డబళ్ళాపురంలో మంచు పడిననాడు నాకు టెలిగ్రాం కొట్టు, అప్పుడు ఆలోచిద్దాం.

రేడియేటర్లో పోసే పచ్చ ద్రవం గడ్డకట్టదు, తుప్పు పట్టించదు, తియ్యగా ఉంటుంది. ఆ తియ్యదనమే ప్రమాదం. కుక్కలూ మేకలూ ఇష్టంగా నాకి చస్తాయి.

బెల్లపు మడ్డి మీ వైపు దొరుకుతుంది. నీళ్ళకు ఒకటిన్నర రెట్ల దాకా తూగుతుంది, ఇనుముకు కీడు లేదు. అయితే ఎండకు పులుస్తుంది. టైరులో సారాయి తయారైతే ఊళ్ళో మగవాళ్ళంతా నీ చక్రం చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు, ఆ వెనకే ఎక్సైజు వాళ్ళు వస్తారు.

కాబట్టి అన్నిటిలోకీ మంచిది నీళ్ళే. ఆ నీళ్ళను మీ అత్త కాదంది. ఆవిడ అన్నది నాకూ సరిగ్గానే తోచింది. ఇంత సైన్సు చదివి మీ అత్త దగ్గర ఆగిపోయాను చూడు.

మోకాలి సంగతి మరిచిపోలేదు.

అవ్వ


దొడ్డబళ్ళాపురం,
11 మార్చి.

అవ్వకు,

ఆవులప్ప మానేసి నెల దాటింది. “జారే బండి నాకొద్దు తల్లీ, పిల్లలు గలవాణ్ణి” అని తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. వేరే డ్రైవరు దొరకలేదు. మంజునాథ్‌కు మగ్గాలు వదిలే వీల్లేదు. నేనే నడుపుతున్నాను. నీకు రాస్తే దిగమంటావని రాయలేదు. నువ్వు దిగమంటే దిగాల్సి వస్తుంది, అందుకని.

ఇప్పుడు నా ఆలోచన విను. మామగారి బట్టీలో రోజూ ఎన్ని నీళ్ళు కాలువలో పారబోస్తారో! ఎవరూ తాగరు, ఎవరూ అడగరు. మొన్న కాలువ పక్కన నిలబడి చూస్తుంటే మనసులో మెరిసింది. అత్తయ్యను అడిగాను. “పారబొయ్యే నీళ్ళా? చక్రానికి తాపు, లేదా నువ్వే తాగు, నన్నేమి అడగొద్దు” అంది. అది ఆవిడ భాషలో సరేనని.

చీరలను చిక్కపేట అంగళ్ళకు తీసుకెళ్ళే వ్యాను మీ వైపు కూడా వస్తోంది. మూడు సీసాలు పంపుతున్నాను. మొదటిది పట్టునూలు ఉడకబెట్టిన సబ్బుసోడా నీళ్ళు. రెండోది రంగు తొట్టిలో మిగిలినవి. మూడోది రంగు వేశాక నూలును ఆఖరుసారి జాడించిన నీళ్ళు. ఈ వారమంతా రాణీరంగు పెళ్ళిచీరలే, కాబట్టి అన్నీ ఆ చాయే. ఏది పనికొస్తుందో నువ్వే చెప్పాలి.

దిగమనకు అవ్వా.

హర్షిత


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్,
23 మార్చి.

హర్షితకు,

నీ మూడో సీసాను మీ అమ్మ ఫ్రిజ్జులో పెట్టింది. ఎదురింటావిడ వస్తే షర్బతు అనుకుని గ్లాసులో పోసింది కూడా. నేను సమయానికి వంటింట్లోకి వచ్చాను కాబట్టి ఆవిడ ఇంకా మనకు ఎదురింటావిడగానే ఉంది.

దిగమని రాద్దామనే కూర్చున్నాను. కలం తీసి, మూసి, మళ్ళీ తీశాను. నా దగ్గర చదివిన ఆడపిల్లల్లో ఎందరినో ‘భయపడకండే’ అని కసిరాను. ఇప్పుడు సొంత మనవరాలు భయపడకపోతే ఏమని కసరను? అందుకని సీసాల పని పట్టాను.

మూడింట్లోనూ ఒక్కో ఇనుప మేకు వేసి వారం ఉంచాను. పసుపు రాసి ఆరబెట్టిన కాగితం ముక్కలు ముంచాను. పాలవాడిని పట్టుకోవడానికి దాచిన లాక్టోమీటరును రంగునీళ్ళలో తేలేశాను. దానికీ కొత్త అనుభవమే.

మొదటిది పసుపు కాగితాన్ని ఎర్రగా చేసింది, అంటే క్షారం. గిలకొడితే నురగ ఆగదు. మూడో రోజుకు వచ్చిన వాసన గురించి నేను రాయను, మీ నాన్న రాస్తాడు. టైరులో పోస్తే గాలి కొట్టినప్పుడల్లా వాల్వులోంచి సబ్బు బుడగలు వస్తాయి. వద్దు.

రెండోది పుల్లటి వాసన, అంటే ఆమ్లం. మేకును కొరికేసింది. వద్దు.

మూడోది బరువులో నీళ్ళే, వెంట్రుకవాసి ఎక్కువ. పులుపు కాస్త మిగిలి ఉంది. చిటికెడు సున్నం కలిపాక మేకు మేకులానే ఉంది. అదే తీసుకో. డ్రమ్ముకు గుప్పెడు సున్నపు తేట చాలు. మీ కాలువలో నీళ్ళు తాగే మేకలు ఎలా ఉన్నాయో ముందు చూసి రా. అవి చెప్పాక నేను సరే అన్నట్టు.

జాకీ పెట్టి చక్రం లేపి వాల్వు నిట్టనిలువుగా పైకి ఉండేట్టు తిప్పు. డ్రమ్మును మిద్దె మీద పెట్టి పైపు వెయ్యి. మధ్యమధ్య పైపు తీసి లోపలి గాలిని వదులు. నీళ్ళు వాల్వు దాకా వస్తే ముప్పాతిక నిండినట్టు. మిగతా చోటులో గాలి ఉండాలి. గాలి నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. నిండా పోస్తే టైరు రాయవుతుంది.

చిన్నప్పటి నుంచీ బిందెలు మోశాను, నీళ్ళ బరువు నా నడుముకు తెలుసు. కానీ ఒక చక్రం తన కడుపులో ఇన్ని బిందెలు దాచుకుని, దొర్లుతూ, తొణకకుండా, ఆ బరువుతోనే భూమిని పట్టుకుంటుందని తలచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. పుస్తకం చూసి పాఠం చెప్పాను ఇదంతా. ఇప్పుడే మొదటిసారి విన్నట్టుంది.

అవ్వ


దొడ్డబళ్ళాపురం,
6 ఏప్రిల్.

అవ్వా!

మేకలు నిక్షేపంగా ఉన్నాయి. నాలుకలు మాత్రం రాణీరంగు.

పోశాం! మామ మిద్దె మీద డ్రమ్ము దగ్గర, నేను చక్రం దగ్గర. పైపు తీసినప్పుడల్లా బుస్సుమని గాలి, వెంటే నా మొహం నిండా గులాబీ చుక్కలు. అత్తయ్య అరుగు మీద కూర్చుని, “హోళీ ఎప్పుడో అయిపోయెనే” అంది.

ఆ మర్నాడు చెరువులోకి దించాను. నిండు ట్రైలరు. క్లచ్చు మెల్లగా వదిలాను. చక్రం జారలేదు. ఎంత ప్రశాంతంగా కదిలిందో చెప్పలేను. నిన్నటిదాకా బురద చిమ్మిన చక్రం మట్టిలో ఒక్కొక్క గాడి అచ్చేసుకుంటూ, దీపం ఆరకుండా పట్టుకెళ్ళే మనిషిలా నడిచింది. ట్రైలరు వెనకే వచ్చింది. దిగి ఆ అచ్చుల మీద చెయ్యి పెట్టాను. అంత లోతు! బయటి నుంచి చూస్తే అదే పాత బండి. లోపల ఏముందో నాకూ నీకూ తెలుసు.

రోజూ లోడ్లు తోలుతున్నాం. చూడ్డానికి జనం వస్తున్నారు. కట్ట మీదికి ఎక్కే దారి కొంచెం ఏటవాలు. ఎక్కేటప్పుడు ఒక్క క్షణం బానెట్టు ముందు ఆకాశం తప్ప ఇంకేమీ కనబడదు అవ్వా. కట్ట లేదు, చెట్టు లేదు. నీలం, అంతే. అంత అందం నేనెప్పుడూ చూడలేదు.

హర్షిత


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్,
10 ఏప్రిల్.

హర్షితా,

ఈ ఉత్తరం అందగానే బండి ఆపు. చదవడం తరువాత, ముందు ఆపు. నీకు ఫోను చేశాను. మీ అత్త తీసి, “చెరువు కాడికి పోయిండాది” అంది. ఆపించమన్నాను. వినబడిందో లేదో. అందుకే మళ్ళీ ఇది, వ్యానులోనే పంపుతున్నాను.

కట్ట ఎక్కే మనిషికి ఎదురుగా కట్ట కనబడాలి. ఆకాశం తప్ప ఏమీ కనబడలేదంటే నీ ముందు చక్రాలు నేల మీద లేవు. అందం అంటావా? వెనక్కి తిరగబడే ముందు ఎవరికైనా ఆకాశమే కనిపిస్తుంది.

నిన్న నీ ఉత్తరం చేత్తో పట్టుకునే బాల్కనీలోంచి చూశాను. ఇనుప కడ్డీలు వేసుకున్న లగేజీ ఆటో ఒకటి మా వీధి హంపు ఎక్కబోయి ముందు చక్రం గాలిలోకి లేపింది. డ్రైవరు దూకాడు. నీ బండి గుర్తొచ్చింది. మునుపు నీ చక్రాలు జారేవి. జారడం వల్లే బండి లేవలేదు. మనమిద్దరం కలిసి వాటికి పట్టు ఇచ్చాం. ఇప్పుడు చక్రం జారదు, బరువైన ట్రైలరు కదలదు, ఇంజను తన బలాన్ని ఎక్కడ చూపించాలి? ముందు భాగాన్ని లేపుతుంది. త్రాసు మీద పాఠం చెప్పినదాన్ని, తక్కెడలో ఒక పళ్ళెమే నింపి పంపాను.

ముందు టైర్లలోనూ అదే నీళ్ళు నింపు. ట్రైలరు కొక్కెం వెనక ఇరుసుకంటే కింద ఉండాలి, ఒక్క అంగుళమైనా పైన కాదు. మొదటి గేరు. లోడు తగ్గించు. ఇవేవీ చాలవు, ముక్కు మీద బరువు కావాలి.

అందుకని ఇదే వ్యానులో నా రుబ్బురోలు పంపుతున్నాను. మా అమ్మ నాకు కాపురానికిచ్చింది. అయిదో అంతస్తు నుంచి దించడానికి నలుగురు పట్టారు, లిఫ్టు ఒప్పుకోలేదు. తులసి కుండీ నేల మీద కూర్చుంది. దాన్ని ముందు బంపరుకు గొలుసులతో బిగించు. వదులుగా కాదు, వెల్డింగు వాడితో పట్టీ వేయించు.

అప్పటిదాకా ఎక్కావంటే నేనే బస్సెక్కి వస్తాను. నా మోకాళ్ళతో.

అవ్వ


దొడ్డబళ్ళాపురం,
19 ఏప్రిల్.

అవ్వకు,

నీ ఫోను అత్తయ్యకు బాగానే వినబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా చెరువులోకి పరుగెత్తుకొచ్చి ట్రాక్టరు ముందు చేతులు చాపి నిలబడింది. “దిగే! మీ అవ్వ ఏడుస్తా ఉండాది!” అంది. నువ్వు ఏడ్చావా? రాయలేదే.

అవును, లేచాయి. మూడుసార్లు. మొదటిసారి జానెడు, నీకు రాసింది రెండోది. ఆఖరిసారి మూరెడు లేచి స్టీరింగు చేతిలో ఉత్తినే తిరిగింది, దానికి తిప్పేందుకు ఏమీ లేదు. క్లచ్చు తొక్కితే దబ్బున నేలకు వచ్చింది. రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. నీకు భయం రాయలేక అందం రాశాను. అందం కూడా నిజమే.

రోలు బంపరు మీద కూర్చుంది. మామ పట్టీ వేయించాడు. ముందు టైర్లు నింపాం, కొక్కెం దించాం. కట్ట ఎక్కాను. అత్తయ్య పక్కనే నడుస్తూ ముందు చక్రాలనే చూస్తూ వచ్చింది. అవి నేల వదల్లేదు. దారి పొడుగునా నాకు కట్ట కనబడుతూనే ఉంది, గడ్డితో, రాళ్ళతో, మేకపెంటికలతో. చాలా మామూలుగా ఉంది. కళ్ళనీళ్ళు వచ్చాయి.

హర్షిత


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్,
28 జూలై.

చిరంజీవి హర్షితకు,

క్షేమంగా ఇల్లు చేరాను. మీ వ్యాను డ్రైవరు దారిలో ఉన్న గుంతలన్నీ నాకు విడివిడిగా పరిచయం చేశాడు.

నీ చెరువును చూశాను. రెండు వానలకే మోకాటి లోతు నీళ్ళు. మీరు తవ్విన గోడ చారలు సగం మునిగాయి. వాటి మీద ఈ ఏటి చార పడుతోంది. కట్ట మీద కూర్చుని చాలాసేపు చూశాను. ఇంకా నీళ్ళు చేరని వైపు నుంచి నువ్వు ఆఖరి లోడుతో ఎదురు దారిలో పైకి వచ్చావు. ముందు మా అమ్మ రోలు, మేతకు వంచిన ఆవు తలలాగా కిందికి. వెనక ఆ రెండు చక్రాలు. అంత మట్టి, అంత ఇనుము, నువ్వు, అన్నీ నేలను అంటిపెట్టుకుని వచ్చాయి. ఇన్నేళ్ళు బల్ల మీద కాగితం బొమ్మలతో చెప్పినది కట్ట ఎక్కి నా వైపు నడిచి వచ్చింది. చేతులెత్తి దండం పెట్టాను. నీకు కాదు, పొంగిపోకు. ఎవరికో నాకే తెలియదు.

తరువాత ముల్లు దిగి వెనక టైరు రాణీరంగుగా కారిపోయింది కదా. నువ్వు జాకీ తిప్పుతూ ఉండగా నీ వెనక జరిగింది నీకు తెలియదు, అందుకే రాస్తున్నాను. బట్టీ ఆ రోజు సెలవు. జాడింపు నీళ్ళు లేవు. మీ అత్త ఎవరికీ చెప్పకుండా బిందె తీసుకుని బావి దగ్గరికి వెళ్ళింది. నేను వెంట వెళ్ళాను. “మంచినీళ్ళే తోడుతున్నావే బాలమ్మా, చక్రానికి దప్పికైందా?” అన్నాను. తాడు లాగుతూనే అంది, “బావిలో ఇప్పుడు ఉండాయి కదమ్మా. ఆ పిల్ల కూచునే బండి. బరువుండాల.” బిందె నెత్తిన పెట్టుకుంటూ, “మళ్ళీ దానికి చెప్పొద్దు” అంది. చెప్పనన్నాను. రాయనని అనలేదు.

రోలు అక్కడే ఉండనియ్యి. మిక్సీకి అభ్యంతరం లేదు. కానీ వచ్చే నెల నేను వచ్చినప్పుడు ఒక పూట విప్పించు. నేనూ మీ అత్తా అందులో పచ్చడి రుబ్బాలనుకున్నాం. దాన్ని మళ్ళీ బిగించేదాకా నువ్వు బండి ఎక్కకూడదు. దొంగతనంగా ఎక్కినా నాకు తెలిసిపోతుంది.

ఇకమీదట ఆకాశం గురించి రాయాలంటే, బండి దిగి రాయి.

అవ్వ